ఎర్త్ రెండు ఓమ్‌లు

2018లో హన్మకొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు కరెంటు పనిలో నేను మిగుల్చుకున్నది అక్షరాలా 29,200 రూపాయలు. ఈ లెక్క ఇంకా నోటికి వస్తోందంటే, అప్పట్లో కనిపించినవాడికల్లా చెప్పుకుని మురిసిపోవడం వల్లే. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఓమ్ సూత్రం, ఫ్యూజు, ఎర్తింగు ఎందుకు పెట్టాలి, ఇవన్నీ సుద్దముక్క చేతికొస్తే చాలు, ఆలోచించకుండానే గడగడా చెప్పేసేవాణ్ణి. ఆలోచించకుండా అన్న మాట నా విషయంలో అక్షరసత్యం.

కిందా పైనా కలిపి 2,600 చదరపు అడుగుల ఇల్లు. సామాను మాది, కూలి వాళ్ళది. లైసెన్సున్న కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, ప్లాను చూసి, ఏ గదికి ఎన్ని పాయింట్లో రాసుకుని వెళ్ళి, టైపు చేసిన కొటేషన్ తెచ్చిచ్చాడు. అడుగుకు 42 రూపాయల చొప్పున 1,09,200. రెండు ఎర్త్ గుంతలు, చివర్న ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో టెస్టింగు, సంతకం పెట్టిన రిపోర్టు అందులోనే కలిపాడు. మా తాపీమేస్త్రీ వెంటబెట్టుకొచ్చిన కుర్రాడేమో గోడల వంక ఓ చూపు చూసి "అడుగుకు ముప్పై ఇయ్యుండ్రి సార్" అన్నాడు. అంటే 78,000. తేడా 31,200.

కాంట్రాక్టరును మళ్ళీ పిలిపించి, "ఈ పన్నెండు రూపాయలు దేనికండీ?" అని నిలదీశాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. లైసెన్సు ఊరికే ఉండదట. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు తన దగ్గర ఉద్యోగంలో ఉండాలి. వైరు ముట్టుకునే మనిషికి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. మెగ్గరూ ఎర్త్ టెస్టరూ తన సొంతానివై ఉండాలి, అవి సరిగ్గా చూపిస్తున్నాయో లేదో అప్పుడప్పుడూ పరీక్షకు పంపాలి. గడువు తీరితే రెన్యువల్. "రేపు ఏదన్నయితే అడిగేది నన్నే గద సార్" అని కూడా అన్నాడు.

"మీ ఇంటి ఖర్చులు తెచ్చి నా ఇంటి గోడల్లో పెడితే ఎట్లాగండీ" అన్నాను. మాట భలే పేలిందనుకున్నాను. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "వస్త సార్" అని లేచాడు. మళ్ళీ రాలేదు.

ఆయన చెప్పింది సొంత కవిత్వం కాదని చాలా ఆలస్యంగా చదువుకున్నాను. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు అదే. 2010లో కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు తెచ్చినప్పుడు 29వ నిబంధనగా అదే వచ్చి కూర్చుంది. 2023లో ఆ నిబంధనల్ని తిరగరాసినా ఈ సంగతి మారలేదు. కొత్తగా వైరింగు చెయ్యాలన్నా, ఉన్నదాంట్లో ఏదన్నా కలపాలన్నా మార్చాలన్నా లైసెన్సు కాంట్రాక్టరే చెయ్యాలి. ఆ పని మీద సర్టిఫికెట్ ఉన్నవాడి కన్నుండాలి, పర్మిట్ ఉన్నవాడి చెయ్యి పడాలి. మిగతావాళ్ళకు వదిలిపెట్టింది పాత బల్బు తీసి కొత్తది పెట్టుకోవడం, ఫ్యానో ఫ్యూజో స్విచ్చో మార్చుకోవడం, అంతవరకే. ఈ కాగితాలన్నీ ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పదిహేను మీటర్ల ఎత్తు దాటిన భవనమైతే కరెంటు ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు కార్యాలయం నుంచి వచ్చి చూస్తారు. మాలాంటి రెండంతస్తుల ఇంటికి వాళ్ళు రారు. అంటే మా గోడల్లో ఏముందో చూసి బాగుందనో బాగాలేదనో చెప్పాల్సిన మనిషి మొత్తానికి ఒక్కడే, కాంట్రాక్టరు. ఆ ఒక్కణ్ణీ నేను టీ ఇచ్చి సాగనంపాను.

కుర్రాడు పనిమంతుడు కాదని అనను. బోర్డులు గోడకు తూకం వేసినట్టు నిలబెట్టాడు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజర్లకూ ఏసీలకూ 4 చదరపు ఎంఎం వైరు, ఎక్కడా కక్కుర్తి పడలేదు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. ఐటీఐ చదివాడు కూడా. మరి పర్మిట్ ఎందుకు తీసుకోలేదని ఒకసారి అడిగితే, "ఎవ్వలడుగుతున్నరు సార్" అన్నాడు. నిజమే. నేనూ అడిగింది ఊసుపోకే.

పని సగంలో ఉండగా సర్వీసు కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టాల్సొచ్చింది. దానికి లైసెన్సు కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు కావాలన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది. కుర్రాడు నవ్వాడు. "దానికేముంది సార్, రెండు వేలిస్తే సంతకం వస్తది." ఆ సాయంత్రానికి వచ్చింది కూడా. లైసెన్సు నంబరున్న ముద్ర, దాని మీద మెలికలు తిరిగిన సంతకం. 31,200లోంచి ఆ రెండు వేలు తీసేస్తే 29,200.

ఆ ఫారం నేను చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకోగలిగితే కొంచెం గౌరవంగా ఉండేది. చదివాను. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ 20 మెగా ఓమ్‌లు. ఎర్త్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. ఆ రోజుకి మా ఇంటికి ఎర్త్ గుంత తవ్వనే లేదు.

ప్రాక్టికల్స్ చేయించినవాళ్ళకు "కుక్ చేసిన రీడింగులు" అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. మీటర్ బ్రిడ్జి ప్రయోగంలో జాకీ కదిపే ఓపిక లేక, జవాబు ముందే తెలుసు గనక వెనక నుంచి లెక్క కట్టి రికార్డు నింపేస్తారు పిల్లలు. నేను వాళ్ళ పాలిట యముణ్ణి. రీడింగులు మరీ నున్నగా ఉంటే చాలు పట్టేసేవాణ్ణి. పాపం ఒకబ్బాయి రికార్డు మొత్తం అడ్డంగా కొట్టేసి, "ముట్టుకోని వైరుకు రెసిస్టెన్స్ ఎట్లా తెలిసిందిరా నీకు?" అని క్లాసందరి ముందూ కడిగేశాను. అదే పెద్దమనిషి లేని గుంతకు రెండు ఓమ్‌లని రాసిన కాగితం మీద, ఇంటి యజమాని అన్న చోట, పెన్ను క్యాపు తీసి మరీ సంతకం పెట్టాడు.

గుంత తరవాత తవ్వారు. హన్మకొండ నేల సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, నాలుగు గడ్డపార పోట్లకు బండ తగులుతుంది. పైపు ఎర్తింగు అంటే రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దిగాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వెయ్యాలి, అడపాదడపా నీళ్ళు పోస్తుండాలి. మాకు రెండడుగుల్లోనే బండ వచ్చింది. "గింతకంటే కిందికి పోదు సార్" అని కుర్రాడు నా మొహం చూశాడు. రెండో గుంత సంగతి నేనెత్తలేదు, అతనూ ఎత్తలేదు. హ్యాక్సా బ్లేడు తెచ్చి పైపును కోస్తుంటే పక్కనే నిలబడి చూశాను. "ఫికర్ జెయ్యకుండ్రి, బొగ్గు ఉప్పు డబుల్ ఏస్త" అన్నాడు. మిగిలిన పైపు ముక్క పారేస్తానంటే వద్దన్నది నేనే. దాన్ని డాబా మీద బట్టలారేసే తీగకు గుంజగా పాతించాను. వస్తువు వృథా పోనివ్వనని దానికీ ఒకరిద్దరి దగ్గర మెప్పు పొందాను.

గృహప్రవేశమైన కొన్నాళ్ళకు కింది అంతస్తు ఆర్‌సీసీబీ పడిపోవడం మొదలెట్టింది. వెనక వరండాలో ఫ్యాను వేస్తే చాలు, కింద అంతా చీకటి. ఆర్‌సీసీబీ అంటే వెళ్ళిన కరెంటు అంతా తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూసే పెట్టె. ఇళ్ళల్లో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, ఆ మాత్రం తేడా కనిపించినా లైను తెంపేస్తుంది. అది పడుతోందంటే కరెంటు ఇంకో దారి పట్టిందని అర్థం. ఇది నేను పాఠంగా చెప్పగలను, చెప్పాను కూడా. మా ఇంట్లో పడితే మాత్రం "కంపెనీ మాల్ బాగాలేదు" అని తేల్చేశాను. కుర్రాడొచ్చి దాన్ని డైరెక్టు చేశాడు, అంటే పెట్టె పేరుకు అక్కడే ఉంటుంది, కరెంటు దాని మొహం చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఎందుకైనా మంచిదని పై అంతస్తుదీ డైరెక్టు చేయించాను. ఎందుకైనా మంచిదని!

ఇక ఫ్రిజ్జు. "ముట్టుకుంటే జివ్వుమంటాంది" అంది మా ఆవిడ. చెప్పులు వేసుకోమన్నాను. మన ఇళ్ళల్లో ఇది సర్వరోగ నివారిణి. ఫ్రిజ్జు పక్కన ఒక జత హవాయి చెప్పులు వెలిశాయి. పెరుగు తియ్యాలంటే చెప్పులు, నీళ్ళ సీసా తియ్యాలంటే చెప్పులు. వచ్చిన చుట్టాలకు కూడా "ఆ చెప్పులేసుకుని తియ్యండి" అని మర్యాదగా చెప్పేవాళ్ళం, వాళ్ళూ మర్యాదగానే వేసుకునేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో వాషింగ్ మెషిన్ దగ్గర ఉండేవి కాబోలు. ఒక్కరంటే ఒక్కరు ఇదేమిటని అడగలేదు. ఒకనాడు మా ఆవిడ తడిచేత్తో మా వాషింగ్ మెషిన్ మూత తీయబోయి వెనక్కి తుళ్ళి గోడకు కొట్టుకుంది. మోచెయ్యి కమిలింది. నేను బజారుకెళ్ళి రబ్బరు చాప కొనుక్కొచ్చాను. ఆ రోజు నేను చేసిన వైద్యం అదీ. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, చాప రంగు కూడా టైల్సుకు నప్పేది చూసి తెచ్చాను.

పై వాటాలో అద్దెకుండే అబ్బాయి మెడికల్ రిప్రజెంటేటివ్. ఖమ్మం వాళ్ళు. వాళ్ళ పాప అప్పుడప్పుడే వస్తువులు పట్టుకుని నిలబడుతోంది. ఓ సాయంత్రం అతను టెస్టరు చేత్తో పట్టుకుని కిందికొచ్చాడు. "సార్, మెషిన్ బాడీకి టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది." నేను అతన్ని కూర్చోబెట్టి, పక్కన వైరు పోతుంటే లోహంలో వోల్టేజి ఎలా ప్రేరితమవుతుందో, టెస్టరు బల్బు వెలగడానికి ఎంత తక్కువ కరెంటు చాలో వివరంగా చెప్పాను. కాగితం మీద బొమ్మ కూడా వేశాను. నేను చెప్పిన సూత్రంలో తప్పు లేదు, మా ఇంటికి అది వర్తించదంతే. అతను శ్రద్ధగా విని, "సరే సార్" అని లేచి వెళ్ళి, తన డబ్బుతో లైసెన్సు కాంట్రాక్టర్ని పిలిపించుకున్నాడు.

వచ్చినాయన నేను టీ ఇచ్చి పంపినాయన కాదు, అంత నాటకం నా జీవితంలో లేదు. ఈయన పెద్దాయన, వెంట ఒక వైర్‌మన్. పైనంతా చూసుకుని, కింద కూడా చూడాలి సార్ అంటే కాదనలేకపోయాను. ఎర్త్ టెస్టరు పెట్టడానికి రెండు ఇనుప మేకులు దూరందూరంగా నేలలో దిగ్గొట్టాలి. బండ మీద అవి నిలవక నీళ్ళు పోసి తడిపి కొట్టారు. తరవాత ఎర్త్ గుంత సిమెంటు మూత తీసి, వైర్‌మన్ పైపును రెండు వేళ్ళతో పట్టుకుని కదిపాడు. ఊగే పన్నులా అటూ ఇటూ ఊగింది. ఇద్దరూ నావైపు చూడలేదు, ఆ మర్యాద వాళ్ళకుంది.

రీడింగు 38 ఓమ్‌లు.

ఇన్సులేషన్ సంగతి సరే సరి. 500 వోల్టుల మెగ్గరు హ్యాండిల్ తిప్పితే ముల్లు కనీసం ఒక మెగా ఓమ్ దాటాలి. పై గీజరు లైనులో అది లేవనే లేదు. మా బోరు నీటి ఉప్పుకు గీజరు ఎలిమెంటు కొరుక్కుపోయి లోపలే లీకవుతోంది. కింద వరండా బోర్డు విప్పితే ఇంకో చిత్రం. నల్ల వైరు చాలక, కుర్రాడు ఫ్యాను న్యూట్రల్‌ను ఆకుపచ్చ వైరులో కలిపేశాడు. ఫ్యాను వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిందంటే దాని డ్యూటీ అది చేసిందన్నమాట. నేను దాన్ని సస్పెండ్ చేశాను.

గీజరు ఆన్ చేసి, మా ఫ్రిజ్జు బాడీకీ నేలకూ మధ్య మీటరు పెట్టాడు పెద్దాయన. 61 వోల్టులు చూపించింది. పై వాటా గీజరుకూ కింది వాటా ఫ్రిజ్జుకూ ఏమిటి సంబంధం? ఎర్త్ వైరే సంబంధం. ఇంట్లో ఉన్న ఇనుమంతా ఆ ఆకుపచ్చ వైరుతో ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది, ఆ ముడి నేలలోకి బలంగా దిగకపోతే ఒకదాని జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది. "లెక్క మీకు చెప్పేటంతోణ్ణి గాదు సార్" అని కాగితం నా ముందుకు తోశాడు. వేశాను. 61ని 38తో భాగిస్తే 1.6 ఆంపియర్లు. ఆర్‌సీసీబీ ఉండి ఉంటే ఇందులో యాభయ్యో వంతుకే తెంపేసేది. పోనీ, ఫేజు పూర్తిగా బాడీకి తగిలిందే అనుకుందాం. 230ని 38తో భాగిస్తే ఆరు ఆంపియర్లు. గీజరు ఎంసీబీ 20 ఆంపియర్లది, అది పడదు. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్రిజ్జు చల్లగానే ఉంటుంది, దాని తలుపులో మాత్రం దాదాపు గోడ ప్లగ్గులో ఉన్నంత వోల్టేజి నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంటర్ పిల్లలు చేసే భాగహారం ఇది. ఎన్ని బ్యాచ్‌లకు చేయించానో! పైన పాప ఏదో బొమ్మ నేలకేసి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దాయన ముందుగా గీజరు వైరు విప్పేయించి, మిగతా మాటలు తరవాతన్నాడు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? మర్నాడు రెండు వేలకు సంతకం పెట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. చిన్న షాపు, ముందు పాత మోటార్లు. నేనెవరో, ఇల్లెక్కడో ఆయనకు గుర్తు లేదు. గుర్తుండడానికి చూస్తే గదా! కాగితం ముందు పెట్టి, "టెస్టు చెయ్యకుండా ఎట్లా రాశారండీ?" అన్నాను, క్లాసులో అడిగిన గొంతుతోనే.

ఆయన ఫారం తిప్పి, కింద ఉన్న నా సంతకం మీద వేలు పెట్టాడు. "మీరు సారువాళ్ళు. మీరెట్ల పెట్టిన్రు?"

నాకు నోట మాట రాలేదు. ఆయన లైసెన్సు మీద బోర్డుకు ఫిర్యాదు రాయొచ్చు. రాస్తే ఆ కాగితంలో రెండో సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. నేను రాయలేదు. ఇది తెలివితక్కువతనం పద్దులో పడదు, దీనికి వేరే పేరుంది.

కొత్త ఎర్త్ గుంతలకు మిషన్‌తో బోరు వేయించి, రాగి పూత రాడ్లు దింపి, చుట్టూ బెంటొనైట్ కలిపిన మందు పోశారు. రెండు గుంతలూ కలిపితే రీడింగు 3 ఓమ్‌ల చిల్లరకు దిగింది. ఆ ఒక్క పనికే 24,000. గోడలు చీల్చి వైర్లు మార్చిన కూలి 14,500, వైర్లూ సామానూ 11,800, కొత్త ఆర్‌సీసీబీలు రెండు 5,200. చీల్చిన గోడలకు ప్లాస్టరింగూ రంగులూ 16,000, ఎందుకంటే పాత రంగు పక్కన అదే నంబరు కొత్త రంగు వేస్తే అతుకు వేసినట్టుంటుంది, గోడ మొత్తం వెయ్యాల్సిందే. టెస్టింగుకు 3,000. వెరసి 74,500. ఇందులో గీజరు లేదు, రబ్బరు చాప లేదు. పెద్దాయన బిల్లు ఇస్తూ, కొత్త ఇంట్లో గోడలు మూయకముందే అయితే ఎర్తింగుకు తప్ప మిగతా వాటికి ఇందులో పావు వంతు కూడా అయ్యేది కాదన్నాడు. నేనడగలేదు.

ఈసారి రిపోర్టులో ప్రతి గడీలో అంకె నా కళ్ళ ముందు రాశాడు, సూపర్‌వైజరు సంతకం పెట్టాడు, వైర్‌మన్ పర్మిట్ నంబరు వేశాడు. దాన్ని తీసుకుని, పాత రిపోర్టు బదులు ఇది ఫైల్లో పెట్టండని కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా ఎగాదిగా చూశాడు. "మీ సర్వీసు ఎప్పుడో రిలీజ్ అయింది కదా సార్. ఫైల్లో రిపోర్టు ఉంది కదా."

"అది తప్పు రిపోర్టండీ."

"అందులో రెండు ఓమ్‌లుంది. మీరు తెచ్చినదాంట్లో మూడు పైన ఉంది. పాతదే బాగుంది కదా సార్."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. గేటు దగ్గర పై వాటా అబ్బాయి బండి తీస్తూ కనిపించాడు. రిపోర్టు చూపిస్తే అక్కడే నిలబడి మొత్తం చదివి, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఏదో అడగాలని మొహమాటపడుతున్నాడు. ఏమిటన్నాను.

"టెస్టింగుకు నేనిచ్చిన మూడు వేలు ఈ నెల అద్దెలో పట్టుకోనా సార్?"

పట్టుకోమన్నాను. గీజరు కూడా కొత్తది నేనే పెట్టిస్తానన్నాను. "పర్మిట్ ఉన్నోళ్ళతో పెట్టించండి సార్" అని బండి స్టార్ట్ చేశాడు.